నేటాల్ గిరిమిట్టా, రంగం మేస్త్రీయా: వలస కూలికి ఏది మేలు?

గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి పొట్ట చేతపట్టుకుని సముద్రం దాటినవాళ్ల ముందు ముఖ్యంగా రెండు దారులుండేవి. ఒకటి, ఐదేళ్ల ఒప్పందానికి తలొగ్గి నేటాల్ లాంటి చోటికి వెళ్లడం. అగ్రిమెంటు అన్న మాటే కూలీల నోట నలిగి గిరిమిట్ అయింది. రెండోది, కూలీలను కుదిర్చే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని రంగం పోవడం. మనవాళ్లు రంగూన్‌ని రంగం అనే పిలుచుకున్నారు. నేటాల్ దక్షిణాఫ్రికాలో చెరకు పండించే బ్రిటిష్ వలస రాజ్యం. బర్మా 1937 దాకా బ్రిటిష్ ఇండియాలోనే ఒక రాష్ట్రం.

ఏది మేలని అడిగితే చాలామంది రంగమే అంటారు. ఇంటికి దగ్గర, పైగా పని మానేస్తే జైల్లో పెట్టే చట్టం నేటాల్‌లోలా మెడమీద కూర్చుని లేదు. నేను మాత్రం అంత తొందరగా ఆ మాట అనలేను. ఓడ దిగిన మనిషి ఆ రాత్రి ఎక్కడ పడుకున్నాడు, జ్వరమొస్తే ఎవరు చూశారు, పదేళ్ల తర్వాత వాడికి ఏం మిగిలింది అని చూడాలి కదా.

1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ అనే ఓడ 342 మందితో నేటాల్ రేవు డర్బన్ చేరింది. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఒప్పందం ప్రకారం మొదటి ఏడు నెలకు 10 షిల్లింగుల జీతం, తర్వాత ఏటా ఒక్కో షిల్లింగు పెంపు. బియ్యం, పప్పు, ఉప్పు, ఉండటానికి గది, వైద్యం అన్నీ యజమానే ఇవ్వాలని రాసి ఉంది. ఇచ్చింది మాత్రం గాలీ వెలుతురూ లేని గదుల వరస. జీతం ఎగ్గొట్టడాలు, కొరడా దెబ్బలు కూడా ఉన్నాయి. 1866లో నేటాల్ ఆర్థిక మాంద్యంలో ఆగిన వలసను, తిరిగొచ్చిన మొదటి కూలీలు చెప్పుకున్న బాధలు విని భారత ప్రభుత్వం వెంటనే మళ్లీ మొదలుకానివ్వలేదు. 1872లో కమిషన్ విచారించాకే, కూలీల గోడు వినడానికి ప్రొటెక్టర్ అనే అధికారిని పెట్టి, 1874లో మళ్లీ మొదలుపెట్టారు.

ఆ రక్షణ ఎంతపాటిదో బాలసుందరం అనే తమిళ కూలీ కథ చెబుతుంది. 1894లో యజమాని కొడితే పళ్లు విరిగి, నెత్తురోడుతూ గాంధీ దగ్గరికి వచ్చాడు. గాంధీ సాధించగలిగింది అతన్ని ఇంకో యజమాని కిందికి మార్పించడం వరకే. అంత కొట్టినా గిరిమిట్ తెగిపోలేదు, చేయి మారిందంతే. చీటీ లేకుండా తోట దాటితే పట్టుకుని జైల్లో వేసే చోట, గది ఇచ్చారని సంతోషించడం నాకు చేతకాదు.

మరి రంగంలో? కాకినాడలోనో భీమిలిలోనో స్టీమరెక్కితే కొద్ది రోజుల్లో చేరేవాళ్లు. కోరంగి రేవు పేరు మీద మనవాళ్లను అక్కడ కోరంగీలు అనేవారు. టికెట్టు డబ్బు మేస్త్రీ పెట్టేవాడు. అదే మొదటి అప్పు. రేవులో బస్తాలు మోయడం, బియ్యం మిల్లు పని, రిక్షా లాగడం, తోపుడుబండ్లు, ఏ పనికైనా మధ్యలో మేస్త్రీ ఉండేవాడు. కూలి డబ్బు అతని చేతి మీదుగానే వచ్చేది. అతని పైన ఇంకో మేస్త్రీ, ఆ పైన కాంట్రాక్టరు. ఒక్కొక్కరూ కొంత కోసుకున్నాక మిగిలిందే కూలివాడిది.

బస మాటకొస్తే నాకు రంగమే ఎక్కువ బాధ కలిగిస్తుంది. కూలీలతో కిక్కిరిసిన అద్దె గదుల్లో ఒకరు లేచి పనికి పోతే ఆ చాప మీద ఇంకొకరు నడుం వాల్చేవారు. గదికి ఇంతమందే ఉండాలని మునిసిపాలిటీ రూల్స్ ఉన్నా రాత్రిళ్లు లెక్క తప్పేది. 1931 నాటికి ఆ నగర జనాభాలో సగానికి పైగా భారతీయులే. అయినా ఓడ దిగిన కూలివాడికి గది చూపించడం నా బాధ్యత అని మిల్లు యజమాని అనలేదు, ఓడ కంపెనీ అనలేదు, ప్రభుత్వమూ అనలేదు. నేటాల్‌లో మాట తప్పిన యజమానిని ఒప్పందం చూపించి నిలదీయడానికి కనీసం అవకాశముంది. ఇక్కడ ఎవరిని నిలదీయాలి?

పని కూడా స్థిరం కాదు. 1930 మేలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే వాళ్ల స్థానంలో బర్మావాళ్లను పెట్టారు. సమ్మె ముగిశాక ఆ బర్మావాళ్లను పొమ్మన్నారు. ఆ కోపమంతా కోరంగీల మీద పడింది. అల్లర్లలో వంద మందికి పైగా చనిపోయారు. రెండు పేద జాతులను ఒకే పని కోసం గేటు దగ్గర నిలబెట్టినవాళ్లకు మాత్రం ఏమీ కాలేదు.

టికెట్టు విషయంలో ఈ రెండిటికన్నా మలయా (నేటి మలేషియాలో భాగం) నయం. 1907 నుంచి అక్కడ తోటల యజమానుల దగ్గర వసూలు చేసిన నిధితో కూలీల ప్రయాణ ఖర్చు పెట్టారు. ఆ టికెట్టు మీద వచ్చినవాడు ఓడ ఖర్చు కింద అప్పుపడకుండా దిగేవాడు. కొత్తవాళ్లను పిలిచే ఏ ప్రభుత్వమైనా ముందు చేయాల్సింది ఇదే అని నా అభిప్రాయం.

ఇక స్థిరపడటం. ఇక్కడ నేను నేటాల్ వైపే మొగ్గుతాను. కూలీల్లో ఆడవాళ్లు కూడా తగినంతమంది ఉండాలని భారత ప్రభుత్వం పట్టుబట్టింది కాబట్టి అక్కడ కాపురాలు ఏర్పడ్డాయి. రంగం వెళ్లిన తెలుగు కూలీల్లో ఆడవాళ్లు బాగా తక్కువ. పదేళ్లు ఉన్న కూలీకి తిరుగు టికెట్టు బదులు ఆ విలువకు సర్కారు భూమి ఇస్తామని నేటాల్ చట్టం అంది. నిజంగా భూమి అందినవాళ్లు కొద్దిమందే, 1891లో ఆ మాట కూడా ఎత్తేశారు. ఆ తర్వాత ఒప్పందం తీరినా ఉండిపోయేవాళ్లపై ఏటా 3 పౌన్ల (60 షిల్లింగుల) పన్ను వేశారు. అంటే కొత్త కూలీ ఆరు నెలల జీతం. అక్కడి భారతీయ కూలీల 1913 సమ్మె తర్వాత గాని, 1914లో అది పోలేదు. ఇంత చేసినా వాళ్లు కదల్లేదు. డర్బన్ చుట్టూ భూమి కౌలుకు తీసుకుని కూరగాయలు పండించారు. 1931లో అక్కడి తెలుగువాళ్లు ఆంధ్ర మహాసభ అనే సంఘం పెట్టుకున్నారు.

ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు అప్పు తీర్చుకోవడానికి రెండేళ్లు వెళ్లి వస్తామంటే, ఆ రోజుల్లో నేనైనా రంగమే పొమ్మనేదాన్ని. పెళ్లాం పిల్లలతో వెళ్లి అక్కడే బతకాలనుకున్నవాళ్లకు మాత్రం నేటాలే. ఆ గిరిమిట్‌ను మంచిదనలేను. కాలు మోపడానికి నేల ఉంటుందన్న ఆశ, ఎంత చిన్నదైనా, అక్కడే ఉంది.

రంగంలో అదీ లేదు. 1942లో జపాన్ సైన్యం వస్తుంటే లక్షల మంది కొండలూ అడవులూ దాటి నడిచి రావాల్సి వచ్చింది, ఎందరో దారిలోనే పోయారు. 1960లలో ఇంకో విడత వెనక్కి వచ్చింది. విశాఖ కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అనే పేరు ఇప్పటికీ ఉంది. అక్కడ దిగినవాళ్లు సొంత దేశంలోనే మళ్లీ గది కోసం, పని కోసం మొదటి నుంచీ వెతుక్కున్నారు.