3,400 పెట్టి కర్పూరం ముక్క కొన్నాను, మీరు కొనకండి

రాత్రంతా నిద్ర లేదు, ఆ ఒళ్ళు మంటతోనే రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి. పేరు పెట్టి చెప్పను. గిటార్ సామాన్లు స్టేటస్‌లో పెట్టి అమ్ముతాడే, పిక్కు (గిటార్ తీగలు మీటే చిన్న బిళ్ళ) అరచేతిలో పెట్టుకుని ఫొటో తీస్తాడే, బొటనవేలి గోరు మీద నల్లమచ్చ, ఆయనే. మన వైపు చర్చిల్లో గిటార్ వాయించేవాళ్ళలో సగం మందికి తెలుసు.

ఈస్టర్‌కి హైదరాబాద్ నుంచి వచ్చిన మా బావ దగ్గర బ్లూ చిప్ పిక్కు ఉంటే పది గంటల ఆరాధనలో తీసుకుని వాయించాను. అమెరికాలోనే 35 డాలర్ల పైమాట అది. విమానం ఇంజన్లలో వాడే వెస్పెల్ అనే పదార్థంతో చేస్తారంటారు. తీగ మీద గీరిన చప్పుడు లేదు, అలా జారిపోతుందంతే. మా రాజోలు ఉక్కకి చెమట పట్టి మామూలు పిక్కు పాట మధ్యలో వేళ్ళలోనే తిరిగిపోతుంది, ఇది అతుక్కున్నట్టు నిలబడింది. పిచ్చెక్కింది నాకు.

అలాంటిదే కావాలని ఈ స్టేటస్ ఆయనకి మెసేజ్ పెట్టాను. ఏం మర్యాదండీ బాబూ! "ఆయ్, చెప్పండి సార్." "ఆయ్, మీకు లేదంటానాండి." "పాలకొల్లు పక్కనోళ్ళు, మాండలిన్ శ్రీనివాస్ గారు పుట్టిన ఊరికి దగ్గరోళ్ళు, పిక్కు విలువ మీకు నేను చెప్పాలాండీ." అక్కడ పడిపోయాను. వశిష్ఠ గోదారికి అవతల ఆయన పుడితే ఇవతల నాకేం వచ్చిందని అప్పుడు తట్టలేదు. 3,400 అన్నాడు, కస్టమ్స్ కూడా తనే కట్టేశాడట, పాపం. కొబ్బరి దింపు డబ్బులు నాన్న అప్పుడే చేతిలో పెట్టాడు, ఎరువు బస్తాలకని. అందులోంచి కొట్టేశాను.

ఆరో రోజుకి కవరు వచ్చింది. కవర్లో కవరు, అందులో ఇంకో కవరు, చివర్లో మచ్చల మచ్చల పిక్కు. బావది మచ్చ లేని ఒకే గోధుమ రంగు. పేరు ఉండాల్సిన చోట గరుగ్గా తగిలింది, ఎండలో పెట్టి చూస్తే రుద్దేసిన గీతలు. ఫోన్ చేస్తే "ఈ లాట్ అంతా మచ్చల డిజైనేనండి, తక్కువ వచ్చాయి" అన్నాడు. నేను నమ్మాను. డిగ్రీ చదివిన గాడిదని కదా.

నాలుగు రోజులకే అంచు అరిగిపోయింది. నున్నగా చేద్దామని వరండాలో కూర్చుని ఎమిరీ పేపర్ మీద రుద్దుతున్నాను. అమ్మ వంటింట్లోంచి వచ్చి "ఏంట్రా, పక్కింటోళ్ళ హారతి వాసన మనింట్లోకొచ్చింది?" అంది. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. కర్పూరం! సెల్యులాయిడ్ అనే పాతకాలం ప్లాస్టిక్ చేసేదే కర్పూరం కలిపి, రుద్ది వేడెక్కిస్తే ఆ వాసన బయటపడుతుంది. దాంతో చేసే పిక్కులు 1922లో అమెరికాలో డి'ఆండ్రియా అనే ఆయన మొదలెట్టిన రకం, తాబేలు చిప్ప పిక్కులకి బదులుగా వచ్చింది. ఆ చిప్పలా కనపడాలనే మచ్చలు. ముప్పై రూపాయలకి కొట్లో దొరికే ముక్క.

ఫొటోలు పెట్టి మర్యాదగానే అడిగాను. సగం వెనక్కిచ్చినా చాలన్నాను, అదీ నా బుద్ధి. నీలం టిక్కులు పడ్డాయి. గంటన్నరకి వాయిస్ వచ్చింది, పదకొండు సెకన్లు. "ఏంట్రా నీ గోల? పిక్కు మారిస్తే వాయించడం వచ్చేత్తాదేంటి? ముందెళ్ళి నేర్చుకో." వెనకాల ఎవరో పకపకా నవ్వారు. అంటే పక్కన ఎవర్నో కూర్చోబెట్టుకుని, నా మెసేజ్ చదివి వినిపించి, అప్పుడు రికార్డు నొక్కాడన్నమాట. డబ్బు పడకముందు సార్‌ని, పడ్డాక రా. గోదారోళ్ళు తిట్టినా అండీ అనే తిడతారని ఊరంతా చెప్పుకుంటారు కదా, ఆ మాత్రం కూడా దక్కలేదు నాకు. తిరిగి ఫోన్ చేసేలోపు బ్లాక్ చేసేశాడు. ఆ పదకొండు సెకన్లు రాత్రి ఎన్నిసార్లు విన్నానో, ఆ నవ్వినోడి గొంతు ఎక్కడన్నా కలిస్తే గుర్తుపట్టేస్తాను.

ఇంకో చేదు ఉంది. ఈస్టర్ తెల్లవారుజాము ఆరాధనలో అదే పాట నా ఆకుపచ్చ టార్టెక్స్ రకం మామూలు పిక్కుతో వాయించాను, 0.88 మిల్లీమీటర్ల మందం, నలభై రూపాయలు. పది గంటలకి బావ పిక్కుతో. మా తమ్ముడు రెండూ ఫోన్లో రికార్డు చేశాడు. నిన్న నిద్ర పట్టక రెండూ విన్నాను. ఏది దేనితో వాయించానో నాకే తెలియలేదు! చేతికి తెలిసిన తేడా చెవికి లేదు. ఉన్నా ఆ డ్రమ్ములు, చప్పట్ల మధ్య ఎవడికి కావాలి? ఒక్కో తీగ విడిగా, రోజూ గంటలు గంటలు వాయించేవాళ్ళకి బ్లూ చిప్ అంత తొందరగా అరగదు కాబట్టి కొంచెం గిట్టుబాటేమో. ఆదివారం తీగలన్నీ కలిపి నాలుగు కార్డ్స్ (chords) బాదే నాలాంటోడికి దండగ. పైగా నెలకి రెండు పిక్కులు పారేసుకుంటాను. క్వీన్ బ్యాండు బ్రియాన్ మే సిక్స్‌పెన్స్ నాణెంతో వాయిస్తాడు, నాకు రూపాయి బిళ్ళ చాలేది. నేర్చుకున్నప్పుడు పాత ఏటీఎం కార్డు కత్తిరించుకునే కదా వాయించాను.

సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. నాన్నకి ఇంకా చెప్పలేదు.

కొనేవాళ్ళుంటే కవరు విప్పేటప్పుడు వీడియో తీసుకోండి, ముందు డబ్బు కొట్టకండి. అనుమానం వస్తే అంచు రుద్ది వాసన చూడండి, అగ్గిపుల్ల మాత్రం పెట్టకండి, సెల్యులాయిడ్ భగ్గుమంటుంది.

ఇప్పుడే తమ్ముడి ఫోన్లో చూశాను. మళ్ళీ స్టేటస్ పెట్టాడు. అదే చెయ్యి, అదే గోరు, "రెండే మిగిలాయండి, ఆయ్" అని.