ర్యాంపు దాటిన తరువాత: హనుమకొండలోని ఒక వికలాంగుల సంఘం సహాయ కేంద్రం

హనుమకొండలో ఒక వికలాంగుల సంఘం నడుపుతున్న సహాయ కేంద్రానికి కొంతకాలంగా వెళ్లి వస్తున్నాను. యూడీఐడీ కార్డు (కేంద్ర ప్రభుత్వం ఇచ్చే వికలాంగుల గుర్తింపు కార్డు) దరఖాస్తులు, ఆసరా పింఛను అర్జీలు, మూడు చక్రాల సైకిళ్ల కోసం విన్నపాలు అక్కడ పైసా తీసుకోకుండా రాసి పెడతారు. పోలియో వల్ల చక్రాల కుర్చీ వాడే నాకు ఆ భవనంలో ఎక్కడా ఆటంకం ఎదురుకాలేదు. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్న కొలతను పాటించి ర్యాంపు కట్టారు. రెండు వైపులా పట్టుకోవడానికి కడ్డీలున్నాయి, మరుగుదొడ్డి తలుపు బయటికి తెరుచుకుంటుంది, దరఖాస్తులు తీసుకునే బల్ల కూర్చున్న మనిషి మోచేతికి అందే ఎత్తులోనే ఉంటుంది. మన ఊళ్లలో ప్రభుత్వ కార్యాలయాల ర్యాంపులు ఎంత నిటారుగా ఉంటాయో తెలిసినవారికి ఈ వసతి విలువ చెప్పనక్కరలేదు.

పని విషయంలోనూ వారిని మెచ్చుకోవాలి. 2023లో నెలకు 4,016 రూపాయలకు పెరిగిన వికలాంగుల పింఛను మధ్యలో ఆగిపోయిన వారి అర్జీలను రాసి ఊరుకోరు. మండల కార్యాలయానికి ఫోను చేసి, ఏ కాగితం తక్కువైందో కనుక్కొని, అది అందేదాకా వెంటపడతారు. పరకాల, నర్సంపేట వైపు నుంచి వచ్చేవారు ఈ కేంద్రాన్నే నమ్ముకోవడానికి కారణం ఇదే.

అయితే బధిరుడైన మా చిన్నమ్మ కొడుకును వెంటబెట్టుకొని వెళ్లిన రోజు నాకు ఆ కేంద్రం మరో విధంగా కనిపించింది. అతడు డిగ్రీ చదివాడు, తన దరఖాస్తు తానే నింపుకోగలడు. బల్ల దగ్గరి కార్యకర్త మాత్రం అతడి వైపు చూడకుండా, "నువ్వే చెప్పక్కా, తమ్మునికి ఏం కావాలె?" అని నన్నడిగాడు. ఆ మాటలో ప్రేమే ఉంది, అవమానించాలన్న ఉద్దేశం లేదు. కానీ ఇరవై ఆరేళ్ల యువకుడు తన సొంత పని మీద వచ్చి, తన గురించి ఇతరులు మాట్లాడుకుంటుంటే చూస్తూ నిలబడవలసి రావడం ఒక వికలాంగుల సంఘంలో జరగకూడని విషయం. సైన్ లాంగ్వేజ్ తెలిసినవారు అక్కడ ఒక్కరూ లేరు. కనీసం ఒక కాగితం, పెన్ను అతడి ముందుకు జరిపినా సగం ఇబ్బంది తీరేది.

సమావేశాల సమాచారం పంపే పద్ధతి మరింత బాధ కలిగిస్తుంది. వాట్సాప్ గ్రూపులో ప్రకటనను కాగితం మీద రాసి, ఫోటో తీసి పెడతారు. ఫోను తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే, అంధులు వాడే టాక్‌బ్యాక్ ఆ ఫోటోలోని చేతిరాతను సరిగ్గా చదవలేదు. వారి కోసమని తరువాత వాయిస్ మెసేజ్ పెడతారు, అందులో ఉండే వివరాలు బధిరులకు చేరవు. అదే విషయాన్ని తెలుగులో టైపు చేసి పంపితే ఇద్దరికీ ఒకేసారి అందుతుంది, ఖర్చేమీ ఉండదు. సమాచారం అందరికీ అందే రూపంలో ఉండాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 42వ సెక్షన్ ప్రభుత్వాలకు చెబుతోంది. ప్రభుత్వాన్ని ఆ మాట అడిగే సంఘం తన గ్రూపులో దాన్ని పాటించి చూపాలి.

సభ్యత్వ ఫారంలో వైకల్యం రకం దగ్గర కదలిక, చూపు, వినికిడి, బుద్ధి మాంద్యం, ఇతరములు అని మాత్రమే ఉంది. 1995 నాటి పాత వికలాంగుల చట్టం ఏడు రకాలను గుర్తిస్తే, 2016 చట్టం ఆ సంఖ్యను 21కి పెంచింది. తలసేమియా, సికిల్ సెల్ (పుట్టుకతో వచ్చే రక్త వ్యాధి), ఆటిజం, పార్కిన్సన్స్, యాసిడ్ దాడి బాధితులు అందులో ఉన్నారు. ఆదివాసీ గూడేల్లో సికిల్ సెల్ కనిపించే మన ఉత్తర తెలంగాణలో ఇది చిన్న విషయం కాదు. ఏటూరునాగారం వైపు నుంచి కూతురికి సికిల్ సెల్ ఉందని వచ్చిన ఒక కోయ తల్లికి, నా ముందే, అది ఆస్పత్రిలో చూసుకోవలసిన విషయమని చెప్పి పంపబోయారు. చట్టంలో ఉన్న సంగతి నేను చెప్పాక కూర్చోబెట్టి వివరాలు రాసుకున్నారు.

ఈ లోపాలన్నిటికీ మూలం కార్యవర్గంలో ఉందని నా అభిప్రాయం. అందులో ఉన్నవారంతా శారీరక వైకల్యం ఉన్న మగవారే. వారు సంఘాన్ని కట్టడానికి పడిన శ్రమను తక్కువ చేయను, బస్సు మెట్లెక్కలేని రోజుల్లో ఊరూరా తిరిగి సభ్యులను కూడగట్టినవారు వాళ్లే. కానీ ర్యాంపు అంత చక్కగా కుదిరిందంటే, దాని అవసరం అనుభవించినవారు నిర్ణయం తీసుకునే చోట కూర్చున్నందువల్లనే. బధిరులు, అంధులు, మానసిక అనారోగ్యంతో బతుకుతున్నవారు, వైకల్యం ఉన్న స్త్రీలు అదే చోట కూర్చుంటే వారి అవసరాలూ అంతే చక్కగా కుదురుతాయి. సమావేశాలు సాయంత్రం ఆరు తరువాత పెట్టడం వల్ల, ములుగు వైపు చివరి బస్సు అందుకోవలసిన ఆడవాళ్లు వాటికి రాలేకపోతున్నారు. కార్యవర్గంలో ఒక్క మహిళ ఉన్నా ఆ వేళ ఎప్పుడో మారేది.

ఈ విషయాలన్నీ రాసి కార్యదర్శికి ఇచ్చాను. ఆయన శ్రద్ధగా చదివారు, టైపు చేసిన ప్రకటనలు ఆ వారం నుంచే మొదలయ్యాయి. కార్యవర్గం మార్పు గురించి ఇంకా జవాబు రాలేదు. పింఛను, యూడీఐడీ పనులున్నవారు ఈ కేంద్రానికి తప్పక వెళ్లండి, ఆధార్ నకలు, వైకల్యాన్ని నిర్ధారిస్తూ ఇచ్చిన పాత సదరం సర్టిఫికెట్ ఉంటే అదీ తీసుకెళ్లండి. బధిరులు ప్రస్తుతానికి తమ పని వివరాలను కాగితం మీద రాసుకొని వెళ్లి, జవాబును కూడా రాతలోనే అడగండి. సభ్యత్వం తీసుకునే ప్రతి ఒక్కరూ ఫారంలో "ఇతరములు" అని గుర్తు పెట్టి ఊరుకోక, తమ వైకల్యం పేరును పక్కనే స్పష్టంగా రాయండి.