ఎంఎస్‌తో ఇంట్లో సైకిల్ తొక్కుడు: నిద్రకు మంచి మార్కులు, బుర్రకు అంతంతే

నాది వచ్చి పోయే రకం మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్), అంటే మెదడు, వెన్నుపాముల్లో నరాల మీది మైలిన్ అనే పొర దెబ్బతినే జబ్బు. ఉండేది విజయవాడ. వెనక్కి ఆనుకుని తొక్కే ఎక్సర్‌సైజ్ సైకిల్‌ని కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఎడమ పాదం ఈడుస్తుంది కాబట్టి ట్రెడ్‌మిల్ జోలికి పోలేదు.

వారానికి రెండుసార్లు 30 నిమిషాల ఓ మోస్తరు ఏరోబిక్ వ్యాయామం, మరో రెండుసార్లు కండరాలకు బలమిచ్చే వ్యాయామం అని 2013లో కెనడావాళ్లు ఎంఎస్ ఉన్నవాళ్ల కోసం లెక్క చెప్పారు. నాదీ అదే లెక్క. ఓపిక లేని రోజు పదేసి నిమిషాలుగా విడగొడతాను. ఓ మోస్తరు అంటే, తొక్కుతూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. "ఒంట్లో ఓపికే లేదు, ఈ తొక్కుడెందుకే అమ్మాయ్" అని మా పెద్దమ్మ ఇప్పటికీ అంటుంది.

నిద్ర విషయంలో తేడా స్పష్టం. అర్ధరాత్రి పిక్కలు పట్టేయడం బాగా తగ్గింది. మూత్రానికి లేవడం తగ్గలేదు, దానికి మందే దిక్కు. కానీ లేచొచ్చి పడుకుంటే మళ్లీ నిద్ర పడుతోంది, ఒకప్పుడు తెల్లారేదాకా పైకప్పు చూడడమే. రాత్రి భోజనం వేళకు దగ్గరగా తొక్కితే మాత్రం నాకు నిద్ర చెడింది.

ఇక బుర్ర. ఎంఎస్‌లో ఎక్కువగా మందగించేది ఆలోచనా వేగం. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే నాకు ఎవరి మాటా ఎక్కదు, ఓటీపీ కొట్టేలోపు గడువైపోతుంది. గుర్తులకు అంకెలు జతచేసే 90 సెకన్ల పరీక్షలో నా మార్కులు పెద్దగా కదల్లేదు. కాగెక్స్ అనే ప్రయోగం ఫలితాలు 2023లో వచ్చాయి. అందులో పాల్గొన్నది క్రమంగా ముదిరే రకం ఎంఎస్ ఉన్న 311 మంది. 12 వారాలు వ్యాయామం, మెదడు శిక్షణ కలిపి ఇచ్చినవాళ్లకు కూడా, ఉత్తుత్తి శిక్షణ ఇచ్చినవాళ్ల కంటే ఆలోచనా వేగం ఎక్కువేమీ పెరగలేదు. నాది వేరే రకమే అయినా, "సైకిల్ తొక్కితే జ్ఞాపకశక్తి పెరుగుతుంది" అనే ప్రకటనలు చూస్తే నవ్వొస్తుంది. బాగా నిద్రపోయిన మర్నాడు ఆఫీసులో లెక్కలు తప్పడం తక్కువ. ఆ ఘనత నేను నిద్రకే ఇస్తాను.

అసలు శత్రువు వేడి. ఒళ్లు వేడెక్కితే మైలిన్ పొర దెబ్బతిన్న నరాల్లో సంకేతాలు సరిగ్గా సాగవు. చూపు మసకబారుతుంది, కాళ్లు బరువెక్కుతాయి. జర్మన్ కంటి వైద్యుడు ఉత్‌హాఫ్ 1890లోనే దీని గురించి రాశాడు. చల్లబడితే సర్దుకుంటుంది, అది కొత్త ఎటాక్ కాదు. అయినా మొదటిసారి వస్తే ప్రాణం పోయినంత పనవుతుంది. మే నెలలో మా ఊళ్లో తెల్లవారుజామున కూడా చెమటే. అందుకే ముందు చల్లటి నీళ్లు, మెడ మీద తడి తువ్వాలు, ముఖానికి ఎదురుగా ఫ్యాను. కరెంటు పోతే ఆ పూటకు సెలవు.

కొనేవాళ్లు డిస్‌ప్లే హంగులు వదిలేసి, సీటు ముందుకూ వెనక్కూ జరుగుతుందా, పెడల్ పట్టీ మడమను కూడా పట్టి ఉంచుతుందా చూడండి. నా సైకిల్‌తో వచ్చిన పట్టీలు తొందరగానే తెగాయి, చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర తోలువి వేయించుకున్నాను. ఒళ్లు చల్లబడ్డాక కూడా తిమ్మిరో, మసకో ఒక రోజు దాటి నిలిచిందంటే మాత్రం సైకిల్ ఆపి న్యూరాలజిస్టుకు ఫోన్ చేయాలి.