సాగర్‌ల సాయంత్రం లాంచీ: పాటలు సరే, అన్నం మాత్రం గట్టు మీదనే

గుంపుగా లాంచీ మాట్లాడుకొని, నాగార్జునసాగర్ జలాశయంలో పొద్దుగూకేదాకా తిరిగి, అందులోనే తిని, తాగి, పాటలు పెట్టుకొని వచ్చే ట్రిప్పు సంగతి ఇది. మార్కులు ముందే వేసేస్తే: నీళ్లకు, కొండలకు అయిదుకు అయిదు. పాటలకు మూడు. తిండికి రెండు, అవీ చేప ముక్కల పుణ్యమే. ప్యాకేజీ మాట్లాడేటప్పుడు ‘డిన్నర్ కూడా లాంచీలనే సార్’ అని ఊరిస్తారు. ఆ ఒక్కదానికి వద్దని చెప్తే మిగతా ట్రిప్పు దానంతటదే బాగుపడుతుంది.

ముందు గడియారం సంగతి. ప్యాకేజీ కాగితం మీద సాయంత్రం 5 నుంచి 6:30 అని ఏడాది పొడుగునా ఒకటే టైమ్ ఉంటే నమ్మకండి, సూర్యుడికి ఆ కాగితంతో పనిలేదు. సాగర్ దగ్గర నవంబరు ఆఖర్న 5:40 కాకముందే పొద్దు మునుగుతుంది. సంక్రాంతికి ఆరు గంటలకు కాస్త అటూఇటూ. జూన్ ఆఖర్న 6:50 దాకా ఉంటుంది. నవంబరులో 5 గంటలకు ఎక్కితే, లైఫ్ జాకెట్లు తొడుక్కొని ఫొటోలు దిగి కదిలేసరికి 5:20 అవుతుంది, ఒడ్డు చాటు దాటి పెద్దనీళ్లలోకి వచ్చేసరికి కథ అయిపోతుంది. జూన్‌లో అదే టైమ్‌కు పోతే ఎండ మొహాన కొడుతుండగానే వెనక్కి తిప్పుతారు. కాబట్టి ఆ రోజు అస్తమయం ఎన్నింటికో ఫోన్‌లో చూసుకొని, దానికి 70 నిమిషాల ముందు లాంచీ కదిలేటట్టు మాట్లాడుకోవాలి. ఎక్కడం ఇంకో 15 నిమిషాల ముందు. పొద్దు కొండ వెనక్కి పోయాక కంటికి ఆనే వెలుగు 20, 25 నిమిషాలకు మించి ఉండదు. అందుకని ఆ సమయానికి లాంచీ ఒడ్డుకు 20 నిమిషాల దూరంలోపే తిరుగుతుండాలి. దూరం పోయి చీకట్లో రావడం గొప్పేం కాదు. ఎడమకు ఎర్ర లైటు, కుడికి ఆకుపచ్చ లైటు లేని లాంచీ చీకట్లో నీళ్ల మీద ఉండనేకూడదు.

ఎటువైపు కూర్చోవాలనేది నెలను బట్టి మారుతుంది. విజయపురి నార్త్ లాంచీ స్టేషన్ నుంచి బయల్దేరితే నీళ్లు పడమరకు, నైరుతికి పరుచుకొని ఉంటాయి. డిసెంబరులో సూర్యుడు బాగా నైరుతికి జరుగుతాడు కాబట్టి నాగార్జునకొండ దిక్కుకు కాస్త కుడిగా, నీళ్ల మీదికి ఎరుపు పొడుగ్గా పడేటట్టు దిగుతాడు. జూన్‌లో వాయవ్యానికి పోయి ఎడమగట్టు కొండల వెనక దాక్కుంటాడు, అసలు టైమ్ కంటే ముందే కొండ మింగేస్తుంది. ఫొటోలే ముఖ్యం అనుకునేవాళ్లకు నవంబరు, డిసెంబరు, జనవరి తప్ప వేరే నెలలు అక్కర్లేదు. అప్పటికి జలాశయం కూడా చాలావరకు నిండుగానే ఉంటుంది. పూర్తి మట్టం సముద్రమట్టం నుంచి 590 అడుగులు. మంచి వానలు పడ్డ ఏడాది ఆగస్టు, సెప్టెంబరుల్లో 26 గేట్లలో కొన్నయినా ఎత్తుతారు. చూడముచ్చటే, కానీ అది డ్యామ్ కింద నిలబడి చూసే ముచ్చట. మబ్బు వల్ల పొద్దు కనపడేది అనుమానం, గాలీ ఎక్కువ. ఏప్రిల్, మే వస్తే మట్టం దిగి గట్టు వెంట తెల్లటి మరకలు, బురద బయటపడతాయి. ఎక్కే చోటు నీళ్లతో పాటే కిందికి జరుగుతుంది. ముసలివాళ్లను తీసుకుపోతే ఆ మెట్లు, ఆ బురద లెక్కలో పెట్టుకోవాలి.

లాంచీ కింద ఉన్నది మామూలు చెరువు కాదు. ఇక్ష్వాకు రాజుల పాత రాజధాని విజయపురి ఉన్న లోయ అది. డ్యామ్ కడితే మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, దొరికినవాటిని కొండ మీదికి, కుడిగట్టున అనుపుకు తరలించారు. ఇప్పుడు నీళ్ల మధ్య దీవిలా కనిపించే నాగార్జునకొండ ఆ లోయలోని గుట్టే. సాయంత్రం ట్రిప్పులో దాని మీద దిగనివ్వరు, దూరం నుంచి చూడడమే. మ్యూజియం చూడాలంటే పొద్దున పోయే లాంచీ వేరే, శుక్రవారం సెలవు. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే సాయంత్రానికి అందరూ కునుకుతుంటారు.

లోయ కాబట్టే మట్టం తగ్గినప్పుడు రాళ్లు, పాత గుట్టల తలలు నీటికి దగ్గరగా వస్తాయి. దారి లాంచీ నడిపే సరంగుకు తెలుసు, మనకు తెలియదు. ‘అన్నా, గా గుట్ట దగ్గరికి పోనియ్’ అని ఒత్తిడి చేయొద్దు. ఇంకో సంగతి వలలు. ఇక్కడి జాలర్లు పుట్టి మీద పోయి సాయంత్రం వల వేసి తెల్లారి తీస్తారు. వల మీద తేలే గుర్తులు థర్మకోల్ ముక్కలు, ఖాళీ ప్లాస్టిక్ సీసాలు. వెలుగు తగ్గితే అవి కనపడవు, వల వచ్చి ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటుంది. ఇంజన్ ఒక్కసారి గుర్రుమని ఆగిపోతే చాలాసార్లు కారణం అదే. లాంచీకి ఒక గంట పోతుంది, పాపం జాలరికి వలే పోతుంది.

ఎక్కేముందు చూడాల్సినవి నాలుగే. కెపాసిటీ బోర్డు, పిల్లల కొలతతో సహా తలకొక లైఫ్ జాకెట్, మంటలార్పే సిలిండర్ మీద తేదీ, గాలి నిండిన ట్యూబుకు కట్టిన తాడు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర లాంచీ మునిగినప్పటి నుంచి జాకెట్ గురించి అందరూ అడుగుతున్నారు, మంచిదే. కానీ ఇచ్చాక సగంమంది దాన్ని సీటు కింద వేసుకొని కూర్చుంటారు. జాకెట్ భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూడండి. చెవుల దాకా లేచిందంటే బకిల్స్ వదులు, నీళ్లలో అది మనిషిని వదిలేసి పైకి తేలుతుంది.

అసలు ప్రమాదం ఎక్కువుండేది పొద్దుగూకే ఆ కొద్ది నిమిషాల్లోనే. పొద్దు ఎర్రబడగానే జనమంతా ఫోన్లు పట్టుకొని పడమటి రెయిలింగ్‌కు ఉరుకుతారు. పై డెక్కు మీద 20 మంది ఒక పక్కకు చేరితే లాంచీ స్పష్టంగా వాలుతుంది, ఎందుకంటే బరువు ఎంత పైన ఉంటే వాలు అంత ఎక్కువ. వాలిందని భయపడి అందరూ ఒకేసారి ఇవతలికి పరుగెత్తితే ఇంకా కష్టం, ఊపు రెట్టింపవుతుంది. తెలిసిన సరంగు అయితే ఆ సమయానికి లాంచీని మెల్లగా గుండ్రంగా తిప్పుతాడు, రెండు పక్కలవాళ్లకూ వంతు వస్తుంది. మాట్లాడుకునేటప్పుడే ఈ మాట అడిగి పెట్టుకోండి. ఇవ్వగలిగిన సర్వీసుల్లో ఇదొక్కటే పైసా ఖర్చు లేనిది.

ఇక తిండి. లాంచీలో పొయ్యి, గ్యాస్, బొగ్గు కుంపటి ఏదీ వద్దు. కింద డీజిల్ ఉంది. అంటే అంతా గట్టు మీద వండి తేవాల్సిందే, మరి వేడి వేడి చేపల ఫ్రై గంట తర్వాత ఎట్లుంటది? నూనెలోంచి తీసిన ముక్కల్ని నేరుగా స్టీలు డబ్బాలో పెట్టి మూత వేస్తే 20 నిమిషాల్లో ఆవిరికి మెత్తబడి తోలు ఊడుతుంది. దుకాణం వాడికి చెప్పి పది నిమిషాలు జల్లెడ మీద ఆరనిచ్చి, పేపరు పరిచిన వెదురు గంపలో పేర్పించి, పైన పల్చటి గుడ్డ మాత్రమే కప్పించండి. గోరువెచ్చగా ఉంటుంది కానీ కరకరలాడుతుంది. మసాలాలో కారం, ఉప్పు, పసుపు, అల్లంవెల్లుల్లితో పాటు కిలోకు రెండు చెంచాల బియ్యప్పిండి కలిపితే ఆ కరకర ఇంకో అరగంట నిలుస్తుంది. ముక్క అర అంగుళం మందం ఉండాలి. అంతకంటే లావైతే లోపల పచ్చి, పలచనైతే ఊగే లాంచీలో పొడి పొడి.

చేప ఏదన్నది కూడా లెక్కే. బొచ్చె, రవ్వ చవక, రుచి కూడా. కానీ వాటి కండలో చీలిన సన్నముళ్లు ఉంటాయి, తోక వైపు మరీ ఎక్కువ. మసక వెలుగులో, ఊపులో, పిల్లలు పక్కన ఉండగా ముల్లు ఏరుకోవడం నరకం. డబ్బు ఎక్కువైనా లాంచీకి కొర్రమట్టే సరి. 30 మందికి తలకు 150 గ్రాముల లెక్కన నాలుగున్నర కిలోల ముక్కలు కావాలి, అంటే ఏడు కిలోల చేప కొనాలి, తల, పొలుసు, పేగులు పోగా అదే మిగిలేది. ఇది కాక పల్లీలు, ఉడికించిన మక్క కంకులు ఉంటే చాలు. మిర్చి బజ్జీ జోలికి పోవద్దు. గట్టు మీద దాని రుచే వేరు, గంపలోకి పోయాక నూనెగుడ్డ.

డిన్నర్‌కు లాంచీలో బిర్యానీ ఎందుకు వద్దంటే, హాట్ బాక్స్‌లో అది మూడు గంటలు వేడిగానే ఉంటుంది, ప్లేటులోకి వచ్చాకే గోల. నీటి గాలికి అయిదు నిమిషాల్లో చల్లారుతుంది, నెయ్యి గడ్డకడుతుంది. రైతా ఒడిలో పడుతుంది. వడ్డించేవాడు కదలాలి, తినేవాడు కూర్చోవాలి, ఇరుకు. అన్నిటికీ మించి వడ్డన సరిగ్గా పొద్దుగూకేవేళకే మొదలవుతుంది. ఎముక చూసుకుంటూ తలవంచుకొని ఉన్నవాడికి ఆకాశం ఎక్కడ కనపడుతుంది? ఇక పేపరు ప్లేట్లు ఖాళీ అయిన మరుక్షణం ఎగిరిపోతాయి. పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి అక్కంపల్లి, కోదండాపూర్ మీదుగా హైదరాబాద్‌కు తాగడానికి పోయేది ఈ నీళ్లే. హైదరాబాద్ నుంచి వచ్చి ఇందులో ప్లేటు విసిరినవాడు తన బిందెలోనే విసిరినట్టు. స్టీలు ప్లేట్లు తెచ్చుకోండి, లేదంటే చిరుతిళ్లకు కాగితం పొట్లాలు, రెండు పెద్ద సంచులు రెయిలింగ్‌కు కట్టేయాలి.

తాగడానికి మనిషికి లీటరు నీళ్లు, అంతకు సగం మజ్జిగ లేదా నిమ్మ సోడా. ఐసు ముక్కలు వద్దు, బ్లాకు ఐసు పది కిలోలు థర్మకోల్ పెట్టెలో పెడితే మూడు గంటలకూ సగం మిగులుతుంది. మందు సంగతి అడక్కుండా ఉండరు కాబట్టి: ఎక్సైజ్ పర్మిట్ లేకుండా పార్టీలో పోయడం నేరం, ‘మేం చూసుకుంటం సార్’ అన్నవాడు చూసుకునేది ఏమీ ఉండదు. పొట్టి రెయిలింగ్, వాలే డెక్కు, తాగిన మనిషి, ఈ మూడూ కలవకూడదు. దారిలో కొన్న కల్లును నీళ్ల సీసాలో పోసి మూత బిగించి సంచిలో దాచి తెచ్చేవాళ్లు వేరే రకం. కల్లు పులుస్తూనే ఉంటుంది, ఎండలో కారులో రెండు గంటలుంటే సీసా ఉబ్బి మూత ఎగురుతుంది, లాంచీ అంతా అదే వాసన.

పాటల దగ్గర జనం చేసే తప్పు పెద్ద డీజే పెట్టెలు ఎక్కించడం. లాంచీలో ఉండేది బ్యాటరీ కరెంటు. దాని ఇన్వర్టర్ నాలుగు లైట్లకు, ఫోన్ ఛార్జింగ్‌కు సరిపోతుంది. పెద్ద ఆంప్లిఫయర్ తగిలిస్తే బేస్ కొట్టిన ప్రతిసారీ లైట్లు మిణుకుమని చివరికి ఇన్వర్టరే ఆగిపోతుంది. డెక్కు మీద జెనరేటర్ మాటే ఎత్తొద్దు. ఛార్జింగ్ స్పీకర్లు రెండు చాలు. ఇంజన్ వెనక ఉంటుంది కాబట్టి స్పీకర్లను ముందు పెట్టి, మూతి వెనక్కి, మనుషుల వైపు తిప్పండి. పక్కకు తిప్పితే గోడలు లేవు కాబట్టి చప్పుడంతా నీళ్లపాలు. ఎంత పెంచినా బేస్ రాదు, గొంతే పగులుతుంది. ఫోన్ స్పీకర్ పక్కనే ఉంచాలి, జేబులో పెట్టుకొని నలుగురి మధ్య ఎగిరితే బ్లూటూత్ తెగుతూనే ఉంటుంది.

డప్పు తెస్తే అన్నిటికంటే మేలు, కరెంటు గొడవ లేదు. కానీ లాంచీలో మంట వెలిగించనివ్వరు కాబట్టి గట్టు మీదే బాగా కాచి ఎక్కాలి, అయినా నీటి గాలికి అరగంటలో తోలు వదులై మోత దబదబమంటుంది. ఎక్కంగనే వాయించేసెయ్యాలి. ఆ తర్వాత ఆడవాళ్ల చప్పట్ల పాటలే, నీళ్ల మీద వాటి అందం ఏ స్పీకర్‌కూ రాదు.

పొద్దుగూకే పది నిమిషాలు మాత్రం పాటలు బంద్, ఇంజన్ బంద్ అని ముందే మాట్లాడుకోండి. ఇంజన్ ఆపితే లాంచీ గాలికి అడ్డం తిరిగి ఊగుతుంది, అందుకే కొండ చాటున, గట్టుకు కాస్త ఎడంగా ఆపించాలి, పది నిమిషాలకు మించి వద్దు. వచ్చేటప్పుడు గాలి వెనక నుంచి వీస్తుంటే డీజిల్ పొగ లాంచీతో పాటే వస్తుంది, డెక్కు మీద కళ్లు మండుతాయి. కొంచెం వంకరగా నడపమంటే పోతుంది. కడుపులో తిప్పేవాళ్లు కింది డెక్కు మధ్యలో కూర్చోవాలి, వెనక అసలు కాదు.

బేరం ఆడేటప్పుడు రేటు గంటకా ట్రిప్పుకా, ఆ గంట ఎక్కినప్పటి నుంచా కదిలినప్పటి నుంచా, గాలివాన వచ్చి ఆపేస్తే డబ్బులు వాపసా, ఇవి రాయించుకోండి. హైదరాబాద్ నుంచి ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి మీదుగా 150 కిలోమీటర్లు, మాల్‌లో చాయ్‌తో కలిపి మూడున్నర గంటలు వేసుకోండి. నల్లగొండ నుంచైతే హాలియా మీదుగా మధ్యాహ్నం తిని బయల్దేరినా అందుతుంది.

దిగాక అన్నం హిల్ కాలనీలోనో పైలాన్ కాలనీలోనో ఏదైనా మెస్‌లో. మధ్యాహ్నం వచ్చేటప్పుడే ఆగి చేపల పులుసు చెప్పి పోవాలి, అప్పుడే వండి మూతపెట్టమనాలి. నాలుగు గంటలు ఆ చింతపండు పులుసులో ఊరితేనే ముక్కకు పులుపు పడుతుంది. జొన్నరొట్టెలు మాత్రం మనం కూర్చున్నాకే కాల్చమనండి.