బునాకెన్‌లో అయిదు రోజులు: గోడ పక్కన డైవింగ్

పడవ అంచున కూర్చుని, మాస్క్ అదిమి పట్టుకుని వెనక్కి వాలి నీళ్లలో పడ్డాం. కింద మూడు మీటర్ల లోతులోనే పగడాల దిబ్బ. ఎండ పడి అంతా మెరుస్తోంది, చిన్న చిన్న చేపలు. బాగానే ఉంది కానీ ఇంత దూరం వచ్చింది దీనికేనా అనిపించింది. గైడు చేత్తో చూపించిన వైపు నాలుగు తన్నులు తన్నామో లేదో, దిబ్బ అయిపోయింది. కింద నేల లేదు, ముదురు నీలం తప్ప. మేడ మీద పిట్టగోడ దాటి గాల్లో కాలు పెట్టినట్టు కడుపులో కలుక్కుమంది. పడిపోనని తెలుసు, ఒంటిమీది బీసీడీలో (నీళ్లలో తేలేలా గాలి నింపుకునే జాకెట్‌లో) గాలి ఉంది. అయినా చెయ్యి దానంతట అదే వెనక్కి, దిబ్బ వైపు వెళ్లింది.

బునాకెన్ ఇండోనేసియాలో, ఉత్తర సులవేసి రాష్ట్రంలో ఉంది. మనాడో నగరం నుంచి పడవలో ముప్పావు గంట. 1991 నుంచి ఇది నేషనల్ పార్క్. దీవి చుట్టూ పగడాల దిబ్బ అంచు దాటగానే గోడ నిలువునా దిగిపోతుంది. దీవికీ నగరానికీ మధ్య సముద్రం కిలోమీటరుకు పైగా లోతు. డైనోసార్లతోనే అంతరించిపోయిందని 1938 దాకా అందరూ అనుకున్న సీలకాంత్ చేప 1997లో ఈ మనాడో చేపల మార్కెట్లోనే కనిపించింది. మరుసటి ఏడాది పక్కనే ఉన్న మనాడో తువా దీవి దగ్గర జాలర్లకు ప్రాణంతో దొరికింది. అది ఉండే లోతుకు మనం వెళ్లలేం. కింద అలాంటిది తిరుగుతోందని తెలిసి ఆ నీలంలోకి చూడడం మాత్రం వేరే అనుభవం.

మన పాస్‌పోర్టుకు దిగాక వీసా ఇస్తారు. 30 రోజులకు నేను కట్టింది 5 లక్షల రుపియా, అంటే ఇండోనేసియా డబ్బులో. సింగపూర్ నుంచైనా జకార్తా నుంచైనా మనాడోకు విమానాలున్నాయి.

బస విషయంలో నేను బాగా తర్జనభర్జన పడ్డాను. మనాడోలో ఉంటే మంచి హోటల్, ఏసీ, సాయంత్రం తిరగడానికి ఊరు. కానీ రోజూ రానూపోనూ పడవ ప్రయాణం, పొద్దున్న మొదటి డైవ్ ఆలస్యం. దీవిలో లియాంగ్ వైపు ఇసుక తీరం ఉంది. లెకువాన్ అనే డైవింగ్ చోటి గోడలు దగ్గర, కానీ నగరం నుంచి వచ్చే పడవలన్నీ అక్కడే ఆగడంతో మధ్యాహ్నం సందడి ఎక్కువ. తూర్పున పంగలిసాంగ్ వైపు ముందంతా మడ అడవి. పోటు తగ్గితే పడవ ఒడ్డుకు రాలేదు, చెప్పులేసుకుని మోకాలి లోతు నీళ్లలో నడిచి ఎక్కాలి. పక్కనే సిలాడెన్ దీవిలో తెల్లటి ఇసుక, ఖరీదైన రిసార్టులు. నేను పంగలిసాంగ్‌లో ఒక హోమ్‌స్టేలో ఉన్నాను. మూడు పూటలా భోజనం అద్దెలోనే. స్నానానికి వచ్చే నీళ్లు కాస్త ఉప్పగా ఉండేవి, జుట్టు అయిదు రోజులూ కొబ్బరిపీచే. ఆ ఒక్కటీ సర్దుకుంటే బస మంచిదే. పైగా పచ్చి మిరపకాయ, టొమాటో, ఉల్లిపాయ తరిగి కలిపే దబు-దబు ప్రతి పూటా పెట్టేవారు. ఇండోనేసియాలో కారం తెలిసిన వాళ్లెవరంటే మనాడో వాళ్లే.

అసలు తేడా తెలిసింది డైవ్ సెంటర్ల దగ్గర. మొదటి రెండు రోజులు చవకని ఒక చోట చేరాను, పేరు చెప్పను. ఆరుగురికి ఒక గైడు. అద్దెకిచ్చిన రెగ్యులేటర్‌లో (ట్యాంకు గాలిని నోటికి అందించే పరికరం) పళ్లతో పట్టుకునే మౌత్‌పీస్‌కు పంటిగాటు పడి చిల్లు, పీల్చినప్పుడల్లా నాలుగు చుక్కల ఉప్పునీళ్లు. చెబితే నవ్వి ఊరుకున్నారు. గైడు ముందు వెళ్లిపోయేవాడు, వెనకాల మేమందరం 28 మీటర్ల దాకా పరుగో పరుగు. ఇరవై అయిదు నిమిషాలకే ట్యాంకులో మిగిలిన గాలి చూపే నా గేజ్ 60 బార్‌కు పడిపోయింది, టెన్షన్‌తో ఇంకా ఎక్కువ పీల్చాను. ఏం చూశానని అడిగితే గైడు ఫిన్స్ తప్ప చెప్పలేను.

మూడో రోజు మా హోమ్‌స్టే అతను చెప్పిన ఇంకో సెంటర్‌కు మారాను. డబ్బు కొంత ఎక్కువ, కానీ ముగ్గురికి ఒక గైడు. అతను ముందు నా వెయిట్ బెల్ట్ (నీళ్లలో మునగడానికి నడుముకు కట్టుకునే బరువులు) చూసి ఎనిమిది కిలోల్లోంచి రెండు కిలోలు తీసేశాడు. "మెల్లగా పోదాం, పైపైనే ఉందాం" అన్నాడు. ముప్పై మీటర్ల దగ్గర పీడనం నేల మీద కంటే నాలుగింతలు, ఒక్కో ఊపిరికి ట్యాంకులో గాలి కూడా నాలుగింతలు ఖర్చు. పది మీటర్ల దగ్గర రెండింతలే. పైగా ఎరుపు రంగు పైన కొద్ది మీటర్లలోనే మాయమై, లోతుకు పోయేకొద్దీ పగడాలు బూడిద రంగులోకి మారిపోతాయి. పన్నెండు పద్నాలుగు మీటర్ల దగ్గర గోడ వారగా తేలుతూ పోతే ఆ రోజు డైవ్ గంట దాటింది. లోతు కోసం ఇక్కడికి వచ్చేవాళ్లను చూస్తే నాకిప్పుడు జాలి.

అప్పుడే గోడ కనిపించడం మొదలైంది. మనిషి పట్టేంత పీపా స్పాంజీలు, గోడ గూళ్లలో బోర్లా పడుకుని నిద్రపోయే పచ్చ తాబేళ్లు. ఒక చీలిక దగ్గర గైడు టార్చి ఆర్పేసి నన్ను దగ్గరికి లాగాడు. లోపల పిడికిలంత ఆల్చిప్ప, ఎర్రటి పెదవి, దాని అంచున తెల్లటి మెరుపు సీరియల్ సెట్ బల్బుల్లా ఇటు నుంచి అటు పరుగెడుతోంది. ఎలక్ట్రిక్ క్లామ్ అంటారు. నిజానికి దాని ఒంట్లో వెలుగు పుట్టదు. పెదవి అంచున ఒక వైపు ఉన్న సూక్ష్మమైన సిలికా గోళాలు పడిన కాంతిని తిప్పికొడతాయి, అది ఆ అంచును చకచకా మడిచి విప్పుతుంటుంది. తల ఆ చీలికలో పెట్టి ఎంతసేపు ఉన్నానో, గైడు ఫిన్ పట్టుకుని లాగితే గానీ కదల్లేదు.

ప్రవాహాన్ని తేలిగ్గా తీసుకోకండి. నాలుగో రోజు గోడ మలుపు తిరగ్గానే నా ఊపిరి బుడగలు పైకి పోవడం మాని చెంపల పక్కగా కిందికి దిగాయి. ప్రవాహం మమ్మల్ని కిందికి లాగుతోంది. చేతికున్న డైవ్ కంప్యూటర్‌లో లోతు చూస్తే 18 మీటర్లు కాస్తా 23. గైడు అరచేయి చూపించి, ప్రాణం లేని రాయి ఒకటి పట్టుకుని, రాయి రాయికీ పైకి పాకాడు, మేమూ అంతే. మూడు నిమిషాల్లో తేరుకున్నాం. ఆ ఆరుగురి గుంపులో ఉండగా ఇది జరిగి ఉంటేనా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

గోడతో ఇంకో సుఖం, పైకి తేలే ముందు ఒంట్లో చేరిన నైట్రోజన్ పోవడానికి ఆఖర్న అయిదు మీటర్ల దగ్గర ఆగే సేఫ్టీ స్టాప్. వేరే చోట్ల తాడు పట్టుకుని మూడు నిమిషాలు గడియారం చూస్తాం. ఇక్కడ దిబ్బ అంచే ఆ లోతులో ఉంటుంది, మూడు నిమిషాలు చాలవు.

బాగాలేనిది ప్లాస్టిక్. వానాకాలంలో, అంటే అక్కడ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, నగరం చెత్త కొట్టుకొచ్చి తేలుతుందట. నేను సెప్టెంబరులో వెళ్లినా అక్కడక్కడా సంచులు కనిపించాయి.

వరుస డైవ్‌ల తర్వాత విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి. అందుకని అయిదో రోజు ట్యాంక్ ముట్టకుండా మాస్క్ మాత్రం పెట్టుకుని దిబ్బ అంచున తేలాను. నీలంలోంచి వెండి గొడుగుల్లాంటి బుడగలు ఒక్కొక్కటే పైకొచ్చి నా పొట్టకు తగిలి పగులుతున్నాయి. కింద ఎవరో చాలా నింపాదిగా ఊపిరి తీస్తున్నారు.