నాసా సముద్రమట్టం టూల్: విశాఖలో కూర్చుని ద్వీపదేశాలతో పనిచేసేవాళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

నాసా సముద్రమట్టం వెబ్‌సైట్‌లో 2021 నుంచి ఉన్న సీ లెవెల్ ప్రొజెక్షన్ టూల్ గురించి ఈ సమీక్ష. డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు. ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పు నిపుణుల సంఘం ఐపీసీసీ ఆరో నివేదికలోని సముద్రమట్టం అంచనాలన్నీ ఇందులో పటం మీద చుక్కలుగా ఉంటాయి. విశాఖ నుంచి మాల్దీవులు, మారిషస్, ఫిజీ, తువాలు లాంటి చోట్ల ఉన్న కాలేజీలతో, తీరగ్రామాల సంఘాలతో కలిసి వాతావరణ మార్పు మీద అవగాహన సదస్సులు పెట్టేవాళ్లను దృష్టిలో పెట్టుకుని దీన్ని చూడాలి. ముందే చెప్పేయాలంటే, టూల్ చాలా మంచిది. కానీ తెర మీద కనబడిన అంకెను కనబడినట్టే జనం ముందు పెడితే కొంప మునుగుతుంది. వండి వడ్డించాల్సిన సరుకు ఇది.

వాడటం తేలిక. పటం తెరవగానే తీరాల వెంట చుక్కలు కనిపిస్తాయి. అవి ఆటుపోట్లు కొలిచే కేంద్రాలు. కేంద్రం లేని చోట సముద్రంలో ఎక్కడ నొక్కినా ఆ ప్రాంతపు అంచనా వస్తుంది. మన చుక్క వెతికేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆటుపోట్ల రికార్డుల అంతర్జాతీయ జాబితాలో విశాఖపట్నం పేరును ఇంగ్లీషులో 'ఎస్' తర్వాత 'హెచ్' పెట్టి రాశారు. మనం రోజూ రాసే స్పెల్లింగుతో వెతికితే దొరక్కపోవచ్చు. ఆ జాబితాలో మన రేవు రికార్డు 1937 నుంచి ఉంది. మాల్దీవుల రాజధాని మాలేది 'మాలే-బి, హుల్‌హులే' పేరుతో, తువాలుది 'ఫునాఫుటి-బి' పేరుతో ఉంటాయి. చుక్క నొక్కితే 2020 నుంచి 2150 దాకా గీతలు వస్తాయి. కర్బన ఉద్గారాలు ఏ దారిన పోతే మట్టం ఎంత పెరుగుతుందో దారికో గీత. గీత మీద మౌస్ పెడితే మధ్య అంకె, దానికి అటూ ఇటూ ఉన్న అవధి కనిపిస్తాయి. ఆ అవధిలో అసలు విలువ పడే అవకాశం కనీసం మూడింట రెండు వంతులు.

సదస్సుకి మూడు చుక్కలు చాలు. విశాఖ, భాగస్వామి ఊరు, ప్రపంచ సగటు. గీతల్లో కూడా రెండే తీసుకోవాలి. అన్నీ చూపిస్తే కూర్చున్నవాళ్లకు రంగులు తప్ప ఏమీ గుర్తుండవు. 'లో కాన్ఫిడెన్స్' అని రాసి ఉన్న గీతను పక్కన పెట్టడమే మంచిది. మంచు పలకలు కుప్పకూలడం లాంటి, శాస్త్రవేత్తలకే ఇంకా గట్టి పట్టు చిక్కని ప్రక్రియలను అది కలుపుకుంటుంది. ఓడరేవు కట్టేవాళ్లకు అది అవసరమే. ఊరి సభలో మాత్రం దాన్ని చూపిస్తే మిగతా అంకెలేవీ ఎవరి చెవికీ ఎక్కవు.

ఎక్కువమంది బోల్తా పడేది ఆధార సంవత్సరం దగ్గర. టూల్‌లో ఉన్న ప్రతి అంకె 1995-2014 సగటు మట్టంతో పోల్చి చెప్పింది, ఈ రోజుతో కాదు. ప్రపంచ సగటు తీసుకుంటే 2050కి ఏ దారిన పోయినా మధ్య అంకె 20 సెంటీమీటర్లకు అటూ ఇటూగానే ఉంటుంది. అందులో 5 సెంటీమీటర్ల వరకు 2020కే పెరిగిపోయింది. అందుకని డేటా దించుకుని 2050 వరుసలోంచి 2020 వరుసను తీసేసి, 'ఈ ముప్పై ఏళ్లలో ఇంత' అని చెప్పాలి. ఫిజీ, తువాలు, కిరిబాటి లాంటి పసిఫిక్ ద్వీపాలకు వచ్చే 30 ఏళ్లలో కనీసం 15 సెంటీమీటర్లని 2024లో నాసా చెప్పిన మాట ఈ తీసివేతకు దగ్గరగానే ఉంది. అవగాహన పనికి గట్టి అంకె కూడా 2050దే. దారుల మధ్య తేడా అప్పటికి చాలా తక్కువ కాబట్టి 'ఇది అనుమానమే కదా' అనేవాళ్లకు చోటుండదు. తేడా 2100కి బయటపడుతుంది. ఉద్గారాలు బాగా తగ్గిన దారిలో మధ్య అంకె 44 సెంటీమీటర్లయితే, విపరీతంగా పెరిగిన దారిలో 77. మన చేతుల్లో ఉన్నదేమిటో ఈ రెండంకెల మధ్య ఖాళీలో కనిపిస్తుంది.

రెండో ఇబ్బంది ఏమిటంటే ఇది సగటు మట్టం. పౌర్ణమి పోటు, తుపాను ఉప్పెన, కెరటాల ఎత్తు ఇందులో లేవు. విశాఖలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటుకీ పాటుకీ మధ్య తేడా దాదాపు ఒకటిన్నర మీటరు. మాలేలో మీటరు లోపే. నీరు రోజూ ఇంచుమించు ఒకే ఎత్తులో ఆడే చోట 15 సెంటీమీటర్లు పెరిగితే, ఎప్పుడో ఏడాదికోసారి గట్టు దాటే నీరు తరచుగా దాటడం మొదలవుతుంది. ఇక్కడ అదే 15 సెంటీమీటర్లు అంత త్వరగా కంటబడవు. 'మనకూ అంతే కదా' అని విశాఖ పిల్లలు అడిగినప్పుడు ఈ ఒక్క పోలికే సమాధానం చెబుతుంది. టూల్ మాత్రం దీన్ని చెప్పదు.

అందుకే తెర మీది అంకెను చేత్తో తాకేలా చేయాలి. దానికి ఆర్కే బీచ్ పనికిరాదు. కెరటం ఇసుక మీద పైకీ కిందికీ జారుతూ ఉంటే ఏ గీత అసలు గీతో తేలదు. కెరటాల జోరు లేని జెట్టీ స్తంభం కావాలి. ఫిషింగ్ హార్బర్ లాంటి చోట అనుమతి తీసుకుని, పౌర్ణమి పోటు నిండిన వేళ నీరు తాకిన చోట స్తంభానికి నైలాన్ తాడు కట్టాలి. సుద్ద గీత మరుసటి పోటుకే పోతుంది, తడి సిమెంటు మీద టేపు అతుక్కోదు. దానికి 15 సెంటీమీటర్ల పైన ఇంకో రంగు తాడు. స్తంభానికి పట్టిన నాచు గీత ఎలాగూ మామూలు నీటిమట్టాన్ని చూపిస్తూనే ఉంటుంది. కింద నాచు, పైన తాడు, ఆ పైన జెట్టీ బల్లల అడుగు. ఆ ఖాళీలో ఇంకెంత మిగిలిందో చూడటానికి గ్రాఫు చదవడం రానక్కర్లేదు. అదే పౌర్ణమికి భాగస్వామి ఊళ్లోనూ అలాగే రెండు తాళ్లు కట్టించి, రెండు ఫొటోలు పక్కపక్కన పెడితే సదస్సు సగం అయిపోయినట్టే.

నేల కదలిక గురించి కూడా చెప్పుకోవాలి. పెరుగుదలను టూల్ విడదీసి చూపిస్తుంది. నీరు వేడెక్కి వ్యాకోచించడం, సముద్ర ప్రవాహాలు, హిమానీనదాలు, గ్రీన్‌లాండ్, అంటార్కిటికా, నేల మీది నీటి నిల్వలు, నేల కుంగడం లేదా లేవడం. ఇందులో చివరిది ఇప్పటి వేగంతోనే ఎప్పటికీ సాగుతుందన్న లెక్క మీద వేసినది. భూకంపాల మండలంలో ఉన్న ద్వీపాలకు ఇది నప్పదు. 2009 సెప్టెంబరు 29 భూకంపం తర్వాత సమోవా దీవుల నేల కుంగే తీరే మారిపోయింది. అలాంటి చోట స్థానిక సర్వే విభాగం దగ్గరున్న జీపీఎస్ కొలతలను అడగకుండా ఈ అంకె వాడకూడదు.

ఇక మాట తీరు. 'మీ దేశం మునిగిపోతోంది' అని మొదలుపెట్టిన సదస్సు అక్కడే చెడుతుంది. వాళ్లకది అవమానం. పైగా లెక్కకు కూడా నిలవదు. టూల్ నీటి ఎత్తు చెబుతుంది గానీ ద్వీపం వైశాల్యం చెప్పదు. తువాలులోని 101 ద్వీపాలను 1971 నుంచి 2014 వరకు పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో మొత్తం నేల 2.9 శాతం పెరిగిందని తేలింది. పగడపు ఇసుకను కెరటాలే తెచ్చి పోస్తాయి. సభలో ఎవరో ఒకరు ఇది ఎత్తుతారు, నిర్వాహకులు నీళ్లు నములుతారు. జవాబు సిద్ధంగా ఉండాలి. నేల మిగిలినా బతుకు మిగలాలి కదా. అక్కడ మంచినీరు ఉప్పునీటి మీద పల్చని పొరలా తేలుతుంది. ఆ పొర దాకా తవ్విన గుంటల్లో పులక అనే దుంప పండిస్తారు, మన చామ కుటుంబంలోదే. గట్టు దాటిన సముద్రం ఒక్కసారి గుంటలోకి వచ్చిందంటే పంట కుళ్లిపోతుంది. వైశాల్యం పెరిగిన ద్వీపంలోనూ ఇది జరుగుతుంది. చామదుంప తెలిసిన మన ఊళ్లలో ఈ ఒక్క ముక్క చెబితే తువాలు బాధ వెంటనే అర్థమవుతుంది.

టూల్ అంతా ఇంగ్లీషులోనే ఉంది. ఇది పెద్ద లోటే. 'మీడియన్'కి మధ్య అంకె, 'లైక్లీ రేంజ్'కి ఎక్కువ అవకాశమున్న అవధి, 'బేస్‌లైన్'కి పోల్చిన కాలం అని ముందే ఒక పేజీ తయారు చేసుకుంటే అనువాదకుడు తడబడడు. మారిషస్‌కి పంపేటప్పుడు ఈ తెలుగు పేజీని కూడా జత చేయండి. కోరంగి రేవు మీదుగా వెళ్లిన కూలీల వారసులు అక్కడున్నారు, బడుల్లో తెలుగు చెబుతున్నారు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగిందీ అక్కడే. ఊరి సభకు మాత్రం అక్కడి జనం మాట్లాడే క్రియోల్ భాషలో ప్రతి ఉండి తీరాలి.

ఉమ్మడి సదస్సుకి సమయం కుదర్చడం అంచనాలు వేయడం కంటే కష్టం. విశాఖలో ఉదయం 9:30 అయితే మారిషస్‌లో 8, మాలేలో 9, ఫిజీలోనూ తువాలులోనూ సాయంత్రం 4, సమోవాలో 5. అందరికీ కుదిరేది ఇదే. మనం మధ్యాహ్నం మూడున్నరకి పెడితే ఫిజీ వాళ్లకు రాత్రి పది. మాల్దీవుల్లో వారపు సెలవు శుక్ర, శనివారాలు, కాబట్టి సోమవారం నుంచి గురువారం లోపే పెట్టుకోవాలి. నెలల్లో మే మంచిది. దక్షిణ పసిఫిక్ తుపాను కాలం ఏప్రిల్‌తో ముగుస్తుంది. ఇక్కడ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి మత్స్యకారులు ఒడ్డునే ఉంటారు. అయితే బంగాళాఖాతంలో మే నెలలోనూ తుపాన్లు పుడతాయి, ఇంకో తేదీ చేతిలో ఉంచుకోవాలి. టూల్‌ను లైవ్‌లో తెరవాలని చూడొద్దు. దూరపు ద్వీపాల్లో నెట్ అంతంతమాత్రం. 2022 జనవరి 15 అగ్నిపర్వత విస్ఫోటనంలో సముద్రగర్భ కేబుల్ తెగి, టోంగా దాదాపు ఐదు వారాలు ఇబ్బంది పడింది. గ్రాఫులు బొమ్మలుగా, అంకెలు ఎక్సెల్‌గా వారం ముందే పంపేయాలి.

నిధుల కాగితాలకు ఈ అంకెలు పనికొస్తాయి, ఐపీసీసీ నుంచి వచ్చినవి కాబట్టి ప్రశ్నలు తక్కువ. కానీ వాతావరణ మార్పు పనులకు వర్ధమాన దేశాలకు డబ్బిచ్చే అంతర్జాతీయ నిధి గ్రీన్ క్లైమేట్ ఫండ్‌కి వెళ్లే ప్రతిపాదనకు ఆ దేశం నియమించిన అధికార సంస్థ ఇచ్చే నిరభ్యంతర పత్రం తప్పనిసరి. విశాఖలో ఎంత మంచి పత్రం రాసినా, ఆ సంస్థను మొదటి రోజు నుంచి కలుపుకోకపోతే అది బల్ల మీదే ఉండిపోతుంది. తువాలులో ఆ ఫండ్ డబ్బుతో ఫునాఫుటి దగ్గర 7.8 హెక్టార్ల కొత్త నేలను 2100 దాటినా నీటికి పైనే ఉండేలా పోశారు. అంచనా అంకె కట్టడంగా ఎలా మారుతుందో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

రేపటి కెరటం ఎంతో తెలుసుకోవడానికి మాత్రం ఈ టూల్ తెరవకండి. దానికి హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ రోజువారీ సూచనలున్నాయి. 2007 మేలో ఎక్కడో దక్షిణ మహాసముద్రంలో పుట్టిన పొడవాటి అలలు మాల్దీవుల్లో డజన్ల కొద్దీ ద్వీపాలను ముంచాయి, అక్కడ ఆకాశంలో తుపాను జాడ లేకుండానే. సదస్సు బల్ల మీద రెండు కాగితాలూ పక్కపక్కన ఉండాలి, ముప్పై ఏళ్ల గ్రాఫు ఒకటి, ఈ వారపు కెరటాల సూచన ఒకటి.