ఎంపీ పనితీరు తెలియాలంటే పీఆర్ఎస్ వాళ్ల ఎంపీ ట్రాక్ చూడండి

మన ఎంపీ సభలో అసలు నోరు తెరిచారా లేదా అని డౌట్ ఉంటే, పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ వాళ్ల వెబ్‌సైట్‌లో ఎంపీ ట్రాక్ పేజీ తెరవండి, పైసా కట్టక్కర్లేదు. ఢిల్లీలో 2005లో మొదలైన సంస్థ ఇది. ఐదుకి నాలుగు ఇస్తాను. పేరు కొడితే హాజరు శాతం, పాల్గొన్న చర్చలు, అడిగిన ప్రశ్నలు, ప్రైవేటు మెంబర్ బిల్లులు (మంత్రి కాని సభ్యుడు సొంతంగా పెట్టేవి) వస్తాయి, పక్కనే రాష్ట్ర సగటు, జాతీయ సగటు కూడా. నాకు బాగా నచ్చింది ప్రశ్నల జాబితా. ఏ తేదీన ఏ మంత్రిత్వ శాఖని ఏం అడిగారో వరసగా చదువుకుంటూ పోతే ఆయన ధ్యాస రైల్వే లైన్ల మీద ఉందా, పత్తి ధర మీద ఉందా ఇట్టే తెలిసిపోతుంది. ఫ్లెక్సీల్లో కనపడని సంగతి ఇదే.

మంత్రులు హాజరు పట్టీలో సంతకం చెయ్యరు, అందుకే వాళ్లకి హాజరు అంకె ఉండదు. అది చూసి సభకే రాలేదని వాట్సాప్‌లో తిప్పడం అన్యాయం. హాజరు పడ్డాక సభలో ఎంతసేపు కూర్చున్నారో కూడా ఈ లెక్క చెప్పదు. ఆస్తులు, కేసులు కావాలంటే ఏడీఆర్ (అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్) అనే సంస్థ వాళ్ల మైనేతా వెబ్‌సైట్‌లో ఎన్నికల అఫిడవిట్లు చూడాలి. ఒక మార్కు తగ్గించింది భాష కోసం, ఇంగ్లీషు రాని ఓటరుకి ఎవరో ఒకరు పక్కన కూర్చుని చదివి చెప్పాల్సిందే.